వెలగని సీసా

పాల సేకరణ కేంద్రంలో పరీక్షల గది చూసే ఆవిడను పాలు పోసేవాళ్ళందరూ ల్యాబమ్మ అంటారు. పదహారేళ్ళుగా అదే పిలుపు. గది పెద్దదేం కాదు, మనిషి చేతులు బారజాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక రాతిబల్ల, ఒక సింకు, క్యాన్లు దించే అరుగు వైపుకు ఒక గాజుకిటికీ. తెల్లవారేసరికి ఆ కిటికీ ముందు వరస మొదలవుతుంది. ఒక్కొక్కరి క్యాను మూత తీసి, గరిటెతో కలియబెట్టి, వాసన చూసి, లాక్టోమీటరు ముంచి, వెన్న శాతం రాసుకుని, "ఊ, పోయండి" అంటుంది ల్యాబమ్మ. పాలలో నీళ్ళు కలిపినవాడు ఆ కిటికీ దగ్గర తలెత్తి నిలబడలేడు. "ఆవిడకి లాక్టోమీటరు ఎందుకు, మన మొహం ముంచితే చాలు" అని నవ్వుకునేవాళ్ళు వరసలో.

నీళ్ళయితే మొహంలో తెలుస్తాయి. మందు తెలియదు. పశువుకు జబ్బు చేస్తే యాంటీబయాటిక్ సూది వేయిస్తారు, తప్పు లేదు. ఆ మందు ఒంట్లోంచి పోయేదాకా పాలు పారబోయాలి. కానీ పిండిన పాలు పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఆ పాలకు రంగు మారదు, రుచి మారదు. అనుమానం వస్తే సీసాలో పోసి దూరాన ఉన్న పెద్ద ల్యాబుకు పంపేది ల్యాబమ్మ. అక్కడినుంచి జవాబు రావడానికి పది పన్నెండు రోజులు. అప్పటికి ఆ పాలు ఎంతమంది పిల్లల కడుపుల్లోకి వెళ్ళిపోయి ఉంటాయో.

ఆమెకు ఈ విషయంలో అంత పట్టుదల రావడానికి కారణం ఇంట్లోనే ఉంది. రెండేళ్ళ కిందట లారీ నడిపే ఆమె భర్త కాలికి రేకు గీసుకుంది. గీత ఎంత, గోరంత. అది పుండైంది. ఆసుపత్రిలో ఆరు వారాలు మందు మీద మందు మార్చారు. ఒక్కటీ పనిచేయలేదు. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. "ఆ క్రిములు మన మందులకి అలవాటు పడిపోయాయమ్మా" అన్నాడు డాక్టరు. ఎక్కడ అలవాటు పడ్డాయని ఆమె అడిగింది. "అక్కర్లేని మందు ఎక్కడ దొరికితే అక్కడ. పశువుల్లో, తిండిలో, పాలల్లో. ఏదని చెప్పను?" అన్నాడాయన. పాలల్లో అన్న మాట ఆమె చెవిలో ములుకులా దిగిపోయింది.

అందుకే విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు కొత్త పరీక్ష పట్టుకుని వచ్చినప్పుడు ల్యాబమ్మకు ఎదురుచూసిన చుట్టం వచ్చినట్టయింది. ఆ పిల్లకు పాతికేళ్ళుంటాయి. పెద్ద కళ్ళద్దాలు, చేతిలో చెప్పుల పెట్టె అంత నల్లపెట్టె. మాటకు ముందు నానో, మాటకు వెనక నానో. మర్నాటికల్లా వరసలో ఆమెకు నానో అమ్మాయి అని పేరు పడిపోయింది. "నానో అంటే నాన్నకి ఏమవుతాడమ్మా?" అని ఒక ముసలాయన అడిగితే ఆ పిల్ల పడీపడీ నవ్వి, చాలా చిన్నది అని అర్థం తాతా అంది.

"ఈ సీసాలో నీళ్ళలాగా కనబడుతున్నాయి కదండీ, ఇందులో బొగ్గు రేణువులున్నాయి" అని ల్యాబమ్మకు చూపించింది. "ఎంత చిన్నవంటే తలవెంట్రుక మందంలో పదివేలు పట్టేస్తాయి. ఈ ఊదా లైటు కింద పెట్టి చూడండి."

పెట్టె మూతకున్న కన్నంలోంచి చూసింది ల్యాబమ్మ. లోపల సీసా నీలంగా వెలుగుతోంది. పొయ్యి మీద గ్యాసు మంట ఉంటుందే, అలాంటి నీలం.

"పాలు విరగ్గొట్టి, వడకట్టి, ఆ తేట నీళ్ళు ఇందులో వెయ్యాలి. పాలల్లో టెట్రాసైక్లిన్ రకం మందు ఉంటే ఈ వెలుగుని మింగేస్తుంది. సీసా మసకబారుతుంది. మొత్తం కలిపి పది నిమిషాలు."

"పది రోజుల పని పది నిమిషాల్లోనా!"

"కానీ ఒక్క మాటండీ. మసకబారితే అనుమానం మాత్రమే. తీర్పు కాదు. ఇది ఇంకా పరీక్షకే పరీక్ష. మసకబారిన ప్రతిదీ పెద్ద ల్యాబుకి పంపాలి. అక్కణ్ణించి రిపోర్టు వచ్చేదాకా ఆ మనిషికి తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

ల్యాబమ్మ తల ఊపింది. తల ఊపినంత తేలిగ్గా నిజంగానే ఒప్పుకుంది కూడా.

మొదటి వారంలో మసకబారింది ఒకరి సీసాయే. అరవై ఆవులున్న పెద్దాయనది. ఆయన క్యాన్లు మోటారు బండి మీద వస్తాయి, ఆయన కారులో వస్తాడు. ల్యాబమ్మ నియమం ప్రకారమే చేసింది. సీసా తీసి పక్కన పెట్టి, ఆయన పాలు పెద్ద ల్యాబుకు పంపి, మేనేజరుకు చెప్పింది. మేనేజరు ఆయన్ని తన గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, గొంతు తగ్గించి మాట్లాడాడు. రిపోర్టు వచ్చేదాకా ఆయన పాలు ఆపారు. బండి రాకపోతే వరసలో అడిగారు. "వాళ్ళింట్లో ఏదో పని ఉందట" అన్నాడు మేనేజరు. కథ అక్కడితో సరి.

తర్వాతి వారం అక్క వంతు వచ్చింది.

అక్కంటే ల్యాబమ్మ సొంత అక్కే, ఏడేళ్ళు పెద్దది. తల్లి పోయినప్పుడు ల్యాబమ్మకు తొమ్మిదేళ్ళు. అప్పటినుంచీ జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, తను బడి మానేసి చెల్లెల్ని బడికి పంపింది అక్కే. ల్యాబమ్మ డిప్లమో చదివింది అక్క పాలు అమ్మి పంపిన డబ్బుతో. ఇప్పటికీ అక్కకు నాలుగు ఆవులు. పొద్దున్న కేంద్రానికి పోస్తుంది, సాయంత్రం పాలలో కొన్ని పిల్లల హాస్టలుకూ బేకరీకీ ఇచ్చి, మిగిలినవి క్యానులోనే ఉంచి చల్లటి నీళ్ళతొట్టిలో పెట్టి మర్నాడు తెస్తుంది. అక్క పాలంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని అందరికీ తెలుసు.

ఆ పొద్దున్న వరసలో ఇరవైమంది దాకా ఉన్నారు. ల్యాబమ్మ అక్క క్యాను మూత తీసి అలవాటుగా వాసన చూసింది. ఏదో తేడా. పుల్లటి వాసన కాదు, గడ్డి వాసన కాదు. ఏమిటో అంతుపట్టలేదు. తేట నీళ్ళు తీసి సీసాలో వేసి లైటు కింద పెట్టింది. గ్యాసు మంట నీలం కనబడలేదు. బూడిద కప్పిన నిప్పులా మసకగా ఉంది సీసా. ఇంకో సీసాలో మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

పది నిమిషాల పని ఇరవై నిమిషాలైంది. వరసలో విసుగు మొదలైంది. "ఏంటమ్మా ఆలస్యం?" అన్నారెవరో. "అక్క పాలు కదయ్యా, లైటు వెలిగేదాకా ఊదుతోంది" అన్నాడు ఇంకొకడు. అందరూ గొల్లుమన్నారు. అక్క కూడా నవ్వింది.

ఆ నవ్వు ల్యాబమ్మకు సూదిలా తగిలింది. నియమం గుర్తులేక కాదు. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. అక్కను లోపలికి పిలవొచ్చు, క్యాను పక్కన పెట్టొచ్చు. కానీ అలా చేస్తే ఈ నవ్వేవాళ్ళు ఏమనుకుంటారు? అక్క కాబట్టి దాచేసింది అనరూ? పదహారేళ్ళ పేరు ఏం కావాలి? అవన్నీ ఆలోచించిందో, అసలేమీ ఆలోచించలేదో తర్వాత ఆమెకే తెలియలేదు. కిటికీ అద్దం తోసి, మసకబారిన సీసా ఒక చేత, పెట్టె ఒక చేత పట్టుకుని గట్టిగా అంది.

"ఈ పాలు పనికిరావు. ఇందులో మందు ఉంది."

నవ్వు ఆగిపోయింది.

"ఏం మందు?" అంది అక్క.

"అది నీకే తెలియాలి."

అక్క ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. "తెల్లమచ్చ ఆవుకి పొదుగువాపు వస్తే డాక్టరు సూది వేశాడు. అదీ నెల దాటింది. ఆయన వారం పారబోయమంటే నేను పది రోజులు పారబోశాను. నీకు చెప్పాను కదే."

"చెప్పావు. సీసా ఇంకోలా చెబుతోంది."

"సీసా అబద్ధం చెప్పదు, నేను చెబుతాను. అంతేగా?"

అక్క క్యాను మూత పెట్టుకుంది. బరువైన క్యాను ఒక్కతే ఎత్తుకోబోతే పక్కనున్న ముసలాయన చెయ్యి వేశాడు. వద్దు తాతా అని తనే ఎత్తుకుని, అరుగు దిగి, కాలవలో పాలన్నీ వంపేసింది. అందరి ముందూ. వంపిన క్యానును చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"శభాష్ ల్యాబమ్మా, నిప్పు నువ్వు" అన్నాడు ఇందాక వేళాకోళమాడినవాడే. ఆ మాటకు ఆమెకు సంతోషం కలగలేదు. సిగ్గేసింది. సిగ్గెందుకో మాత్రం ఆలోచించదలచుకోలేదు. పరీక్షకని ముందే తీసిపెట్టిన అక్క పాలు సీసాలో పోసి, ముద్ర వేసి, పెద్ద ల్యాబుకు పంపింది. అంతవరకూ నియమం తప్పలేదు మరి.

మాట గాలికంటే ముందు పోతుంది. సాయంత్రానికి హాస్టలు వార్డెను పాలు వద్దని కబురు పెట్టింది. మర్నాడు బేకరీ ఆయన మొహం చాటేశాడు. "పదహారేళ్ళు పోయించుకున్న చెల్లెలే వద్దంటే మేమెలా తీసుకుంటాం?" అన్నాడట. ఇంటి పక్కవాళ్ళు పిల్లలకు పట్టే గ్లాసెడు పాలు కూడా మానేశారు. అక్క ఇల్లు తన ఇంటికి నాలుగు వీధుల అవతలే అయినా ల్యాబమ్మ అటు వెళ్ళలేదు.

"ఒకసారి వెళ్ళి మాట్లాడకూడదూ?" అన్నాడు భర్త.

"ఏం మాట్లాడను? మందు వేసింది ఆవిడ."

"వేసిందని నీకెవరు చెప్పారు?"

"నీ కాలు చూసుకుని కూడా అలా అంటావేంటి?"

ఆయన కాలు వైపు చూసుకున్నాడు. "నా వేళ్ళు తీసింది మీ అక్క కాదు" అని మాత్రం అన్నాడు.

పన్నెండో రోజు పెద్ద ల్యాబు నుంచి రెండు కవర్లు వచ్చాయి. మొదటిది, వారం ఆలస్యంగా వచ్చినది, అరవై ఆవుల పెద్దాయన పాలది. టెట్రాసైక్లిన్ ఉంది, ఉండాల్సిన హద్దుకు మూడింతలుంది. రెండోది అక్క పాలది. ల్యాబమ్మ ఆ కాగితాన్ని నిలబడి చదివింది, కూర్చుని చదివింది. ఏ మందు ఆనవాలూ లేదు. ఒక్కదానిదీ లేదు.

మేనేజరుకు చూపించకుండా, చేతులు కడుక్కోకుండా, నాలుగు చిన్న గాజుసీసాలు సంచిలో వేసుకుని అక్క ఇంటికి నడిచింది.

పాకలో నాలుగు గుంజలున్నాయి. ఆవులు మూడే ఉన్నాయి. నాలుగో గుంజ దగ్గర రెండు నెలల పెయ్యదూడ ఒకటి మెడ చాచి అదేపనిగా అరుస్తోంది. బావ గడ్డి వేస్తున్నాడు. ఆమెను చూసి పలకరించాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. 

"తెల్లమచ్చది ఏది బావా?"

"అమ్మేశాం. ఐదు రోజులైంది."

"అమ్మేశారా? ఎందుకు?"

"సూది పడింది దానికొక్కదానికే కదా. నీ సీసాలో వచ్చింది దాని మందే అయి ఉంటుందని మీ అక్కకి అనుమానం పట్టుకుంది. నెల దాటినా లోపల మిగిలిపోయిందేమో, నా వల్ల ఏ పసివాడికి ఏమవుతుందోనని మూడు రాత్రులు నిద్ర పోలేదు. బేరగాడొస్తే ఇచ్చేసింది. పెయ్యని మాత్రం ఇవ్వనంది."

చేయని తప్పును కూడా అక్క తనలోనే వెతుక్కుంది. ల్యాబమ్మ కాగితం తీసి ఇచ్చింది. బావ చదివి, తలెత్తి ఆమెవైపు చూసి, కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. కొంచెంసేపటికి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడేం కావాలి?"

"సీసా ఎందుకు మసకబారిందో తెలియాలక్కా. పాలు కావాలి. ఒక్కో ఆవువీ విడివిడిగా."

అక్క గిన్నె తెచ్చి, ఆమె కళ్ళముందే మూడు ఆవులవీ పిండి సీసాల్లో పోసింది. నాలుగో సీసా చూపించి, "ఇందులో?" అంది.

"క్యానులో నిన్నటివి ఉంటే అవి."

"ఉన్నాయి. పెయ్యకి పడదామని ఉంచాను. అది తాగితే కదా."

ఆ సాయంత్రం కేంద్రంలో పరీక్షల గది తలుపు వేసుకుని, నానో అమ్మాయిని పక్కన పెట్టుకుని నాలుగు సీసాలూ లైటు కింద పెట్టింది ల్యాబమ్మ. మూడు ఆవుల పాలూ నీలంగా వెలిగాయి. క్యానులో పాలు మసకబారాయి. అవే ఆవులు, అవే పాలు.

"క్యాను!" అంది నానో అమ్మాయి. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. "ఆ క్యాను దేనితో చేసిందండీ?"

ల్యాబమ్మ ఫోను చేస్తే బావ చెప్పాడు. అల్యూమినియం క్యానుకు చిల్లు పడితే, కొత్తది కొనేదాకా అని అటక మీదున్న పాత ఇనప క్యాను దించారు. లోపలి పూత అక్కడక్కడా లేచిపోయింది. పదిహేను రోజులైంది దించి.

నానో అమ్మాయి ఇనుమును కట్టి పడేసే రసాయనం ఒకటి తీసి, మసకబారిన సీసాలో రెండు చుక్కలు వేసింది. మసక మెల్లగా విడిపోయింది. సీసా నీలంగా వెలిగింది.

"తుప్పు" అంది ఆ పిల్ల. "ఇనుము కూడా వెలుగుని మింగుతుంది. నాకు తెలుసండీ. పుస్తకాల్లో ఉంది. పాలల్లో అంత ఇనుము ఎక్కడిదిలే అనుకున్నాను."

ల్యాబమ్మకు ఆ రోజు క్యాను మూత తీసినప్పటి వాసన ఇప్పుడు తెలిసింది. తడిసిన ఇనుము వాసన. పదహారేళ్ళు ఆ ముక్కునే నమ్ముకుంది. ఆ రోజు మాత్రం దాన్ని పక్కన పెట్టి లైటును నమ్మింది.

"ఇది బయటికొస్తే మా ప్రొఫెసరు నా పని ఆపేస్తారు" అంది నానో అమ్మాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. "నాలుగేళ్ళ పని అండీ. ఈ రెండు చుక్కలూ మొదటినుంచీ వేయించి ఉంటే..."

"నువ్వు అనుమానం అన్నావు. తీర్పు చెప్పింది నేను" అంది ల్యాబమ్మ.

మర్నాడు మేనేజరు అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు. "అయిందేదో అయిందమ్మా. రేపటినుంచి మీ అక్క పాలు తీసుకుందాం. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు పోతే జనమే మర్చిపోతారు."

"మంచి మాటయితే మర్చిపోతారు సార్. ఇది మర్చిపోరు."

"అయితే ఏం చేస్తావ్? సీసా తప్పని చెప్తే ఆ పెద్దాయన ఊరుకుంటాడా? తేనెతుట్టెని కదపడమే. కాలు జారినా లేవొచ్చు గానీ నోరు జారితే కష్టం."

"జారింది నా నోరే కదండీ. ఇంక కొత్తగా జారేదేముంది" అంది ల్యాబమ్మ.

ఆ తర్వాతి పొద్దున్న వరస నిండుగా ఉంది. పెద్దాయన కూడా వచ్చాడు. రిపోర్టు సంగతి చెబుతామని మేనేజరు రమ్మన్నాడు. ల్యాబమ్మ కిటికీ దగ్గర కాకుండా అరుగు మీదికే వచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

"అందరూ ఒక్క నిమిషం వినండి. మా అక్క పాలల్లో మందు ఉందని ఇక్కడే, ఇలాగే నిలబడి చెప్పాను. లేదు. పెద్ద ల్యాబు రిపోర్టు ఇదిగో. ఆవిడ క్యాను తుప్పు పట్టింది, ఆ తుప్పుకి సీసా మసకబారింది. రిపోర్టు వచ్చేదాకా నేను నోరెత్తకూడదు, ఎత్తాను. తప్పు నాది. ఆవిడ పాలకి ఏ దోషమూ లేదు. హాస్టలు వాళ్ళకీ బేకరీ వాళ్ళకీ నేనే వెళ్ళి చెప్తాను. మీరూ చెప్పండి."

ముసలాయన ఒక్కడే తల ఊపాడు. తర్వాత పెద్దాయన గొంతు వినిపించింది.

"అయితే నా క్యాన్లకీ తుప్పే పట్టి ఉంటుందమ్మా."

"మీవి స్టీలు క్యాన్లు. మీ పాల రిపోర్టులో మందు ఉందండీ."

"సీసా తప్పు చెబుతుందని ఇప్పుడే నువ్వే అన్నావు. రిపోర్టు మాత్రం ఒప్పు చెబుతుందని నమ్మకమేంటి? సొంత అక్కకైతే తుప్పు, పరాయివాడికైతే మందా?"

వరసలో గుసగుస లేచింది. నిజమే కదా అన్నారు కొందరు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు ఇంకొందరు, ఎవర్నన్నారో తెలియలేదు. రెండు వారాల క్రితం ఆమెను నిప్పన్న మనిషి ఇప్పుడు నేలచూపులు చూశాడు. పెద్దాయన రెండు రోజుల్లో పైవాళ్ళతో మాట్లాడుకున్నాడు. ఊదా లైటు పరీక్ష ఆపేయమని ఉత్తరం వచ్చింది. పెద్దాయన బండి మళ్ళీ రావడం మొదలైంది.

నానో అమ్మాయి పెట్టె సర్దుకుంది. "ఇనుము సంగతి కాగితంలో రాస్తున్నానండీ. దాచను. ప్రొఫెసరు ఏమన్నా సరే. సరిచేశాక మళ్ళీ వస్తాను, రానిస్తే" అంది.

"రా. ఈసారి వాసన చూడ్డం కూడా నేర్పిస్తాను" అంది ల్యాబమ్మ. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ల్యాబమ్మ పాత పద్ధతికే వచ్చింది. వారానికొకసారి పెద్దాయన పాలు సీసాలో పోసి ముద్ర వేసి పంపిస్తుంది. ఒకసారి శుభ్రంగా వచ్చింది. ఒకసారి మందు ఉందని వచ్చింది, అప్పటికి పన్నెండు రోజుల పాలు ఎవరెవరి ఇళ్ళకో చేరిపోయాయి. మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచి, కుర్చీ వేసి మాట్లాడాడు.

అరుగు మీద చెప్పిన రోజే హాస్టలుకూ బేకరీకీ తనే వెళ్ళి చెప్పింది. వార్డెను మళ్ళీ పాలు తీసుకుంది. బేకరీ ఆయన ఈలోగా వేరేవాళ్ళతో కుదుర్చుకున్నాడు. తెల్లమచ్చ ఆవు కోసం బేరగాణ్ణి పట్టుకుంటే అతను ఇంకొకరికి అమ్మానన్నాడు. ఆ ఇంకొకరు సంతలో అమ్మేశాడు. అక్కడితో దారి తెగిపోయింది.

ఈ మాట చెప్పడానికి ఆ వారంలోనే ఒక సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. అక్క పాకలో చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా పెయ్య. డొక్కలు లోపలికి పోయాయి, అరుపు కూడా పీలగా ఉంది.

"ఆవు దొరకలేదక్కా."

"దొరకదని నాకు తెలుసు."

"అందరి ముందూ చెప్పాను, నాదే తప్పని."

"మీ బావ చెప్పాడు." అక్క పెయ్య మెడ నిమురుతూనే ఉంది. "ఆ పెద్దాయనకి కుర్చీ వేసి చెప్పారట. మరి నాకెందుకు వీధిలో చెప్పావు?"

ల్యాబమ్మ అబద్ధం వెతుక్కోలేదు. "నీ పాలు కదా, దాచేశానంటారని భయపడ్డాను."

"అంటే నీ పేరు నిలబెట్టుకోడానికి నా పేరు తీసుకెళ్ళి కాలవలో పోశావు."

"అవునక్కా."

అవునంటుందని అక్క అనుకోలేదేమో, పెయ్య మెడ నిమిరే చెయ్యి ఆగిపోయింది. పెయ్య తొట్టిలోకి మూతి పెట్టి, పాలు తగలగానే తల విదిలించుకుంది. తల్లి దగ్గర తాగిన పిల్లకు తొట్టి ఎలా తెలుస్తుంది? అక్క లేచి, పాలతొట్టి ల్యాబమ్మ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ల్యాబమ్మ పీట మీద కూర్చుంది. వేళ్ళు పాలలో ముంచి పెయ్య నోట్లో పెట్టింది. అది చప్పరించింది. చప్పరిస్తుండగా చెయ్యి మెల్లగా తొట్టిలోకి దించితే, రెండు గుక్కలు తాగి, దగ్గి, పాలన్నీ ఆమె మీద చిమ్మింది. మళ్ళీ ముంచింది. చీకటి పడేదాకా అదే పని. తొట్టిలో పావు వంతు తగ్గింది.

మర్నాడు వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. అక్క తొట్టి తెచ్చి పెట్టేది, మాట్లాడేది కాదు. ఐదో రోజు గుమ్మంలోంచి, "వేళ్ళు అంత లోపలికి పెట్టకు, కొరికేస్తుంది" అంది. అంతే. పొద్దున్న కేంద్రానికి కొత్త స్టీలు క్యానుతో పాలు తెస్తోంది. వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, కిటికీ దగ్గరికి వచ్చి, "చూడండి మేడమ్" అంటోంది. ఆ 'అండి' వినబడినప్పుడల్లా ల్యాబమ్మ కలియబెట్టిన పాలనే మళ్ళీ కలియబెడుతుంది.

మూడో వారానికి పెయ్య తనంతట తనే తొట్టిలో మూతి పెట్టి, అడుగు కనబడేదాకా తాగింది. ఆ మర్నాడు సాయంత్రం ల్యాబమ్మ పాక బయటే ఆగిపోయింది. ఇంక రావలసిన పని లేదు. ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? అక్క ఆమెను చూసింది. పైనుంచి కిందికి చూసింది.

"ఊరికే నిలబడితే పేడ దానంతటదే పోతుందా? ఆ పార అందుకో" అంది.

ల్యాబమ్మ చెప్పులు విడిచి, కొంగు బిగించి, పార అందుకుంది.